వదినకు ముందే తెలుసు

మా వదిన పోయిందన్న కబురు నాకు బడిలో అందింది. సత్తెనపల్లిలో నేను పాఠం చెప్పే మూడో తరగతి పిల్లలు ఎక్కాలు అప్పజెబుతున్నారు. మా ఊళ్ళో మా గోడకు గోడగా ఉండే ఇంటాయన గుమ్మం దగ్గరికి వచ్చి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆయన తలగుడ్డ తీయడం నేనెప్పుడూ చూడలేదు.

“మీ వదినమ్మ పొద్దున పోయిందమ్మా. అన్న నిన్ను ఎంటబెట్టుకు రమ్మన్నాడు” అన్నాడు.

పిల్లలు ఎక్కం మధ్యలో ఆగిపోయారు. నేను వాళ్ళకేసి చూస్తూ నిలబడ్డాను. ముందు వరసలో పిల్ల ఒకతి మెల్లగా మిగతా ఎక్కం చెప్పేసింది.

మాచర్ల రైలెక్కి గురజాలలో దిగి, ఊరు చేరేసరికి వాకిట్లో జనం. వదినకు నలభై నిండలేదు. పడుకోబెట్టిన మనిషి పాదాలు మాత్రం ముసలామె పాదాల్లా ఉబ్బి ఉన్నాయి. “కొడుకుల దిగులే తీసకపోయింది” అంటోంది ఒకావిడ. “ఏం జన్మ ఎత్తిందో పాపం, ఒక్క సుకం లేదు” అంటోంది ఇంకొకావిడ. చెడ్డగా అన్నమాటలు కావు. కానీ ఆ మాటల్లో మా వదిన లేదు. ఆమె ఏం మోసిందో, ఎన్నేళ్ళు మోసిందో చానా కాలం అన్నయ్యకు, నాకు మాత్రమే తెలుసు. ఎవరికీ చెప్పొద్దన్న మాట ఆమె బతికుండగా అన్నది. ఇప్పుడు దాచడానికి ఎవరూ మిగల్లేదు కనుక రాస్తున్నాను.

వదిన పుట్టిల్లు దాచేపల్లి అవతల ఒక పల్లె. మా ఇంటికి వచ్చేనాటికి నేను జడలో రిబ్బను కట్టుకుని బడికి పోతున్నాను. ఆమె ఐదో తరగతి చదువుకుంది. అంతకు మించి చదివినట్టే ఉండేది. మాట తక్కువ. ఎవరైనా ఏదైనా అడిగితే పైట కొంగు చివర ముడి వేసి, ఆ ముడి విప్పి, అప్పుడు జవాబు చెప్పేది. ముడి వేసిందంటే నిజం చెప్పబోతోందని మాకు తెలుసు. అబద్ధమాడాల్సి వస్తే అసలు మాట్లాడేది కాదు.

మొదట పెద్దోడు పుట్టాడు, ఆ తరువాత నాలుగేళ్ళకు చిన్నోడు. పెద్దోడు నడక ఆలస్యంగా నేర్చాడు. నేర్చాక మునివేళ్ళ మీద నడిచేవాడు. పిక్కలు మాత్రం గుండ్రంగా, గట్టిగా ఉండేవి. మా అమ్మ వచ్చిన వాళ్ళందరికీ ఆ పిక్కలు చూపించి “నా మనవడు పహిల్వాను అవుతాడు చూడు” అని మురిసిపోయేది. ఆరేళ్ళు వచ్చేసరికి వాడు ఊరికే పడిపోవడం మొదలుపెట్టాడు. పడ్డవాడు మామూలుగా లేవలేడు. ముందు బోర్లా తిరిగి, చేతులు నేలకు ఆనించి, తరువాత మోకాళ్ళ మీద చేతులు పెట్టి, ఆపైన తొడల మీద పెట్టి, తన ఒంటినే నిచ్చెన చేసుకుని ఎక్కినట్టు పైకి లేచేవాడు. తోటి పిల్లలు నవ్వేవాళ్ళు. వాడూ వాళ్ళతో నవ్వేవాడు.

నూనెలు పట్టించారు, తాయెత్తులు కట్టించారు, అమ్మ మొక్కులు మొక్కింది. చివరికి గుంటూరులో ఒక డాక్టరు వాణ్ణి నేల మీద కూర్చోబెట్టి లేవమన్నాడట. లేచే తీరు చూసి ఇంకోసారి లేపించి చూశాడట. తరువాత, మద్రాసు ఆసుపత్రిలో కండల్లో కరెంటు చూసే మిషను ఒకటుందని, అక్కడికి తీసుకుపొమ్మని చెప్పాడు.

అప్పటికి మా ఊరికి కరెంటు రాలేదు. కరెంటంటే మనిషిని చంపేది అనే తెలుసు. ఊరంతా ఒకటే మాట, పసివాడికి కరెంటు పెట్టిస్తున్నారని.

“ఏంది మీకు పోయేకాలం? వాడి ఒంట్లో కరెంటు పెడతారా? బతికుండగానే కాల్చకరాండి” అని అమ్మ గుండెలు బాదుకుంది.

వదిన కొంగు ముడి వేసి విప్పింది. “ఏదో ఒకటి తెలియాల గదా అత్తా. తెలియకుండా ఎన్నాళ్ళు నూనె రాద్దాం?”

అలా మద్రాసు ప్రయాణమైంది. అన్నయ్య, వదిన, పెద్దోడు. చిన్నోడు తల్లిని వదిలి ఉండడు కనుక వాడు. టీచరు ట్రైనింగు అయిపోయి ఇంట్లో ఉన్నాను కనుక, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చని నేను.

నా ఇంగ్లీషు అక్కడ ఎందుకూ పనికి రాలేదు. డాక్టరు పెద్దాయన, తమిళుడు. నెల్లూరు వైపు నర్సమ్మ ఒకామె ఉండబట్టి మాకు మాటలు తెలిసినయ్యి. వరండాలో చాలాసేపు కూర్చున్నాం. పక్క గది తలుపు తెరిచి ఉంది. లోపల ఒక ఆడమనిషి కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. తలంతా తీగలు. ఆ తీగలు పోయి కలిసే బల్ల మీద కలాలు వాటంతట అవే కదులుతూ కాగితం మీద గీతలు గీస్తున్నాయి. మెదడు పరీక్ష అని చెప్పారు. పెద్దోడు తల్లి చీర కుచ్చెళ్ళు గట్టిగా పట్టుకున్నాడు.

మమ్మల్ని పిలిచిన గదిలో మిషను బీరువా అంత ఉంది. దాని మధ్యన గుండ్రటి అద్దం, అద్దం మీద పచ్చటి గీత. పక్కన రేడియోకు ఉన్నట్టు ఒక స్పీకరు.

“ఇది కరెంటు పెట్టేది కాదమ్మా” అంది నర్సమ్మ. “కండ కదిలేటప్పుడు మన ఒంట్లోనే ఇంతంత కరెంటు పుడుతుంది. దాన్ని ఈ మిషను వింటుంది. సన్న సూది పెడతారు. నొప్పి ఉంటుంది కానీ భయం లేదు.”

సూది చూసి పెద్దోడు బల్ల కిందకు దూరాడు. డాక్టరు ఏదో అన్నాడు. ముందు మీలో ఎవరైనా పెట్టించుకుంటే పిల్లాడికి ధైర్యం వస్తుందంటున్నారని నర్సమ్మ చెప్పింది. అన్నయ్య చొక్కా చెయ్యి మడవబోయాడు. అప్పటికే వదిన బల్ల మీద కూర్చుని రవిక చెయ్యి పైకి లాక్కుంది.

సూది దిగినప్పుడు కూడా ఆమె మొహం మారలేదు. పచ్చ గీత సాపుగా ఉంది. చప్పుడు లేదు. చెయ్యి మడవమన్నాడు డాక్టరు. ఆమె మడిచింది. ఒక్కసారిగా గదంతా హోరెత్తింది. రేకుల కప్పు మీద పెద్ద వాన పడ్డట్టు.

పెద్దోడు బల్ల కింద నుంచి తల బయటకు పెట్టాడు. “అమ్మలో వాన పడతాంది!” అన్నాడు.

అందరం నవ్వాం. డాక్టరు కూడా. ఆ ప్రయాణంలో మేం నవ్వింది అప్పుడే.

వాడు ధైర్యంగా బల్లెక్కాడు. సూది తొడలో పెట్టారు. కాలు ఎత్తమన్నారు. వాడు పళ్ళు బిగబట్టి, శక్తంతా పెట్టి ఎత్తాడు. వాన రాలేదు. పెనం మీద నువ్వులు చిట్లినట్టు సన్నగా చిటపటమంది, అంతే. ఇంకా గట్టిగా అన్నాడు డాక్టరు. నువ్వులే చిట్లినయ్యి. సూది భుజానికి మార్చారు. అక్కడా అదే.

“అమ్మా, నా వాన రాదేం?” అన్నాడు పెద్దోడు.

వదిన వాడి తల నిమిరింది. జవాబు చెప్పలేదు.

డాక్టరు అద్దం మీద గీతలకు ఫోటోలు తీయించుకున్నాడు. తరువాత ఆయన చూపు చిన్నోడి మీద పడింది. వాడు నేల మీద కూర్చుని నర్సమ్మ ఇచ్చిన దూది డబ్బా దొర్లిస్తున్నాడు. దగ్గరికి పిలిచి పిక్కలు ఒత్తి చూశాడు. కూర్చోబెట్టి లేవమన్నాడు. వాడు లేచాడు. ఒక చెయ్యి ఒక్క క్షణం మోకాలి మీద ఆనిందేమో, నేనైతే చూడలేదు. డాక్టరు చూశాడు. వీడికీ పరీక్ష చేద్దామా అని అడిగించాడు.

“వాడికేం లేదు సార్” అన్నాడు అన్నయ్య వెంటనే. “వాడు లేగదూడ లాగా ఎగురుతుంటాడు.”

వదిన కొంగు ముడి వేసింది. ఆ ముడి విప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

“చెయ్యమను” అంది.

నేను వాడి భుజాలు పట్టుకున్నాను, ఆమె కాళ్ళు పట్టుకుంది. నాలుగేళ్ళ వాడికి ధైర్యం చెప్పేదేముంది. గుక్కపట్టి ఏడ్చాడు, కాళ్ళు తన్నుకున్నాడు. వాడు తన్నుకున్నప్పుడల్లా ఆ ఏడుపు సందున స్పీకరులోంచి వినిపించింది. నువ్వులు చిట్లుతున్న చప్పుడు.

వదిన తలెత్తి నా మొహంలోకి చూసింది. “అదే గదా అమ్మాయ్” అంది. డాక్టరు ఇంకా ఏమీ చెప్పలేదు.

తరువాత అంతా చెప్పారు. డాక్టరు ఒక్కొక్క మాట చెబుతుంటే నర్సమ్మ కిందకు చూస్తూ తెలుగులో అన్నది. ఇది కండలు కరిగిపోయే జబ్బు. మందు లేదు. పెద్దోడు ఇంకొద్ది కాలానికి నడవలేడు. ఆ తరువాత చేతులు, ఆపైన ఊపిరి. చిన్నోడికీ అదే, ఇంకా బయటపడలేదు. ఇది తల్లి వైపు నుంచి మగపిల్లలకు వస్తుంది, తల్లి తప్పేమీ కాదు. ఆ చివరి మాట డాక్టరు రెండుసార్లు చెప్పించాడు.

అన్నయ్య లేచి వరండాలోకి పోయాడు. వదిన కూర్చునే ఉంది.

“చిన్నోడు ఎన్నాళ్ళు నడుస్తాడో అడుగమ్మా” అంది నర్సమ్మతో.

ఐదారేళ్ళు నడవొచ్చన్నారు.

“పరిగెత్తటం?”

నర్సమ్మ ఆ మాట డాక్టరుకు చెప్పింది. డాక్టరు వదినను చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, అంతకంటే తక్కువ అన్నాడు.

తిరుగు రైల్లో పిల్లలిద్దరూ నిద్రపోయారు. చిన్నోడి తొడ మీద సూది గుచ్చిన చోట చిన్న గడ్డ కట్టింది. దాని మీద బొటనవేలితో రాస్తూ వదిన అన్నది, “ఇంట్లో పెద్దోడి సంగతి చెబుదాం. నా సంగతీ చెబుదాం. చిన్నోడి సంగతి మాత్రం మన ముగ్గురి కాడే ఉండాల.”

“ఎన్నాళ్ళు దాస్తావు?” అన్నాడు అన్నయ్య.

“వాడి కాళ్ళు దాచినన్నాళ్ళు.”

“దాచి ఏం చేస్తావు?”

“తెలిసిందంటే అందరూ వాణ్ణి మంచమెక్కిచ్చి కూసుంటారు. అత్త వాడు అడుగేస్తే ఏడ్చిద్ది. ఉన్న కాళ్ళతో తిరగనియ్యండి వాణ్ణి.”

ఇంటికి రాగానే అమ్మ ఎదురొచ్చింది. “ఏమన్నాడు డాక్టరు?” అని అన్నయ్యను అడిగింది. వదిన చంకలో పిల్లాణ్ణి దించి చెప్పేసింది. “పెద్దోడికి మందు లేదంట అత్తా. నడక పోయిద్దంట. ఇది తల్లి నించి వచ్చే జబ్బంట. నా నించే వచ్చింది.”

ఆ చివరి మాట ఆమె చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు. అన్నయ్యా నేనూ చెప్పేవాళ్ళం కాదు. తన మీద పడేదాన్ని దాచుకోలేదు, పిల్లాడి మీద పడేదాన్ని దాచింది. మా వదినను తలుచుకున్నప్పుడల్లా నాకు ఈ రెండూ కలిసే గుర్తొస్తాయి.

అమ్మ విని లోపలికి పోయింది. ఆ సాయంత్రం పెరట్లో మూడు రాళ్ళు పెట్టి వేరే పొయ్యి చేసుకుంది. ఆనాటి నుంచి కోడలు వండింది తినలేదు, కోడలు ముంచిచ్చిన నీళ్ళు తాగలేదు. ఒకే వాకిట్లో రెండు పొగలు లేచేవి. కొన్నాళ్ళకు అన్నయ్యకు మళ్ళీ పెళ్ళి మాట ఎత్తింది. “ఇంకోసారి ఆ మాటంటే నేను చేలోనే గుడిసేసుకుని ఉంటా, నా మొహం చూడవు నువ్వు” అన్నాడు అన్నయ్య. మాట ఆగింది. పొయ్యి మాత్రం ఆరలేదు.

నాకు సత్తెనపల్లిలో ఉద్యోగమొచ్చింది. సెలవులకు వచ్చినప్పుడల్లా చూసేదాన్ని. పెద్దోడు నడక మానేశాడు. పంచలో నులకమంచం మీద ఉండేవాడు. వదిన వాణ్ణి ఎత్తి దొడ్డికి తీసుకుపోయేది, స్నానం చేయించేది, అన్నం తినిపించేది. పక్కకు తిరగడం కూడా వాడి చేత కాదు కనుక రాత్రిళ్ళు లేచి ఇటూ అటూ తిప్పేది. తెల్లారి ఆమె కళ్ళు ఎర్రగా ఉండేవి. అయినా పని ఎక్కడా ఆగేది కాదు.

చిన్నోణ్ణి మాత్రం వదిలేసింది. వాణ్ణి ఆమె దేనికీ వద్దనలేదు. వాగులో ఈదాడు. వేపచెట్లెక్కాడు. గొర్రెల వెంట పోయి పొద్దుగూకి వచ్చేవాడు. సాగర్ కాలవ తవ్వుతున్న చోటికి పరిగెత్తిపోయి, మట్టి మోసే గాడిదల వెంట పడి తిరిగి, ఒళ్ళంతా దుమ్ముతో ఇంటికొచ్చేవాడు. ఒకసారి చెట్టు మీద నుంచి పడి చెయ్యి విరిగింది. కట్టు విప్పిన రోజే మళ్ళీ చెట్టెక్కాడు. వదిన కింద నిలబడి చూస్తోంది.

“ఏమే, నీకు పిల్లోడంటే లెక్క లేదా? పెద్దోడు అట్టా అయిపోయె, ఉన్న ఒక్కణ్ణీ గాలికొదిలేస్తివి” అని ఊళ్ళో వాళ్ళు మొహం మీదే అనేవాళ్ళు. అమ్మ పెరటి పొయ్యి దగ్గర నుంచి అంతకంటే పెద్ద మాటలే అనేది. వదిన అన్నీ వినేది.

ఆరేళ్ళు దాటినా వాణ్ణి బళ్ళో వేయలేదు. నేను టీచర్ని, నా మేనల్లుడికి అక్షరాలు రావు. ఉండబట్టలేక ఒకసారి అడిగాను.

“కూసోటం వాడికి ముందుందిలే అమ్మాయ్” అంది. “అప్పుడు చెబుదాం చదువు.”

చిన్నోడు ఎక్కడెక్కడో తిరిగి తెచ్చినవన్నీ అన్న మంచం మీద పోసేవాడు. మెరిసే రాళ్ళు, పిట్ట ఈకలు, కాలవ దగ్గర రాళ్ళు పేల్చినచోట దొరికిన మందు ఒత్తి ముక్కలు. ఎక్కడికి పోయాడో, ఏం చూశాడో చెబుతుంటే పెద్దోడు ప్రశ్నల మీద ప్రశ్నలు వేసేవాడు. కాలవ ఎంత లోతు తవ్వారు, మనిషి నిలబడితే కనబడతాడా, నీళ్ళు ఎటు నుంచి వస్తయ్యి. తెలియకపోతే చిన్నోడు మళ్ళీ పరిగెత్తిపోయి చూసొచ్చి చెప్పేవాడు.

పెద్దోడు మంచం మీద నుంచి అందర్నీ కనిపెడుతుండేవాడు. వాడు పోయే ముందు ఏడాది, నేను పక్కన ఉండగా తల్లితో అన్నాడు, “అమ్మా, తమ్ముడు కూడా నాలాగే లేస్తన్నాడు.”

వదిన వాడి కాళ్ళకు దుప్పటి సర్దుతోంది. చేతులు ఆగలేదు.

“చూశా నాయనా” అంది.

వాడు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. చలికాలంలో జలుబు చేసి రొమ్ము పట్టింది. దగ్గి బయటికి తెచ్చుకునే బలం లేదు. గురజాల నుంచి డాక్టరు వచ్చి సూది వేసి పోయాడు. వదిన వాణ్ణి ఒళ్ళో నిలువుగా కూర్చోబెట్టుకుని వీపు తడుతూనే ఉంది. మధ్యాహ్నం వేళ, వీపు తడుతుండగానే పోయాడు. ఆమెకు తెలుసు. అయినా కొంతసేపు తడుతూనే ఉంది. అన్నయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు.

ఆ వారంలోనే ఒకరోజు నాతో అన్నది. “ఆ సూది చిన్నోడికి పెట్టనియ్యకుండా ఉండాల్సింది అమ్మాయ్. ఇయ్యాల ఒక్కడి కోసం ఏడ్చేదాన్ని. ఒకసారి చూసిన ఆటే మళ్ళీ కూసోబెట్టి చూపిస్తన్నాడు దేవుడు.” అంతవరకు ఆమె పశ్చాత్తాపపడడం నేను వినలేదు. కాసేపటికి ముక్కు చీది, “లేదులే. తెలియకపోతే వాణ్ణి అందరి లాగే బళ్ళో కూసోబెట్టేదాన్ని. కొట్టి కూసోబెట్టేదాన్ని” అంది.

తొమ్మిదేళ్ళకు చిన్నోడి పరుగు పోయింది. అప్పుడు వదిన వాణ్ణి బళ్ళో వేసింది, తానే చెయ్యి పట్టుకుని తీసుకుపోయేది. వేసవి సెలవుల్లో నేను ఊళ్ళో ఉన్నాను. అందరం పంచలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తున్నాం. కాస్త దూరంగా, మాకు వీపు పెట్టి అమ్మ కూర్చుంది. చిన్నోడు వాకిట్లో పడ్డాడు. బోర్లా తిరిగాడు, మోకాళ్ళ మీద చేతులు పెట్టాడు, తొడల మీద పెట్టాడు, లేచాడు. మా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

“అమ్మా, నాకూ అన్నలాగే అయిద్దా?”

వదిన చేతిలో కాయ కింద పెట్టింది. కొంగు ముడి వేసి విప్పింది.

“అయిద్ది నాయనా.”

“నీకెప్పుడు తెలుసు?”

“నీకు నాలుగేళ్ళప్పుడు. మద్రాసులో.”

వాడు ఒక మిరపకాయ తీసుకుని తొడిమ తుంచాడు. “అందుకేనా నేను యాడికి పోయినా వద్దనలేదు?”

“ఊఁ.”

“అందుకేనా నన్ను ఒక్కసారి కూడా కొట్టలేదు?”

వదిన తల ఊపింది. వాడు దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అన్నాడు, “నాయనమ్మకు చెప్పమాక. ఏడ్చిద్ది.”

అమ్మ వీపు మాకు కనబడుతూనే ఉంది. తొడిమలు తీసే చేతులు ఆగిపోయాయి. ఆ ఐదేళ్ళూ తాను అన్న మాటలన్నీ ఆమెకు ఒక్కొక్కటే గుర్తొచ్చి ఉంటాయి. పిల్లాడు లోపలికి పోయాక, ఇటు తిరగకుండానే పిలిచింది.

“ఏమే.”

“ఆఁ అత్తా.”

“దాహమేస్తాంది. కాసిని మంచినీళ్ళు ముంచకరా.”

వదిన లేచి చెంబు కడిగి నీళ్ళు తెచ్చింది. అమ్మ తాగింది. సగం తాగి, చెంబు అట్టాగే పట్టుకుని, “ఒక్కదానివే మోశావటే?” అంది. మరునాడు పెరట్లో మూడు రాళ్ళు లేవు.

ఆ తరువాత పిల్లాణ్ణి ఇద్దరూ చూశారు. ఒకరు ఎత్తితే ఒకరు బట్టలు మార్చేవాళ్ళు. వదిన వాడికి మంచం పక్కన కూర్చుని చదువు చెప్పింది. ఐదో తరగతి వరకు చదివిన మనిషి అంతకు మించిన పాఠాలు నా చేత చెప్పించుకుని, నేర్చుకుని, వాడికి నేర్పింది. కాలవకు మొదటిసారి నీళ్ళు వదిలిన రోజు అన్నయ్య వాణ్ణి వీపున వేసుకుని తీసుకుపోయాడు. గట్టు మీద కూర్చోబెట్టి పాదాలు నీళ్ళలో పెట్టారు. “చల్లగా ఉన్నయ్యా?” అంది వదిన. “చానా చల్లగా ఉన్నయ్యి. అన్న చూడాల్సింది” అన్నాడు వాడు.

చిన్నోడు నిరుడు వానాకాలంలో పోయాడు. ఊపిరి అందక, మూడు రోజులు మా అందరి కళ్ళలోకి మార్చి మార్చి చూస్తూ పోయాడు. అంతకు మించి రాయలేను. చేను పక్కన వాళ్ళన్న పక్కనే పూడ్చి వచ్చాం. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక వదిన నాతో, “ఇంక నాకు ముందే తెలిసింది ఏదీ లేదు అమ్మాయ్” అంది. ఆ గొంతులో ఏడుపు లేదు. దించుకోవడానికి బరువు కూడా లేని మనిషి గొంతులా ఉంది.

ఆ తరువాత ఆమె పాదాలకు నీరు దిగడం మొదలైంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. మెట్టు మీద ఆగి, గోడ పట్టుకుని నిలబడేది. గురజాల డాక్టరు గుండె బలహీనపడిందన్నాడు. గుంటూరు తీసుకుపొమ్మన్నాడు, అక్కడ గుండెకు తీగలు పెట్టి కాగితం మీద గీతలు తీస్తారు, అది చూస్తే సంగతి తెలుస్తుందన్నాడు. అన్నయ్య బతిమిలాడాడు. అమ్మ కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది.

“నాకొద్దు” అంది వదిన. “మిషన్లు చెప్పేది నేను వినేశా. తెలిసి ఎవరి కాడ దాయాల నేను? ఎవరి కోసం దాయాల?”

మేం మళ్ళీ అడగలేదు. అడిగి ఉంటే బతికేదేమోనని అన్నయ్య ఇప్పుడంటున్నాడు. నాకు తెలియదు. చివరి నెలల్లో అమ్మే ఆమెకు అన్నం కలిపి ముద్దలు పెట్టింది, ఉప్పు వేసిన వేణ్ణీళ్ళలో ఆ ఉబ్బిన పాదాలు కడిగింది. అమ్మకు చూపు సరిగా ఆనదు. చేత్తో తడిమి చూసి, “ఇయ్యాల కొంచెం తగ్గినయ్యే” అనేది రోజూ. “తగ్గినయ్యి అత్తా” అనేది వదిన. అబద్ధం ఆడడం ఆమె అప్పుడు నేర్చుకుంది.

పోయిన రోజు పొద్దున అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుందట. అంతే.

నేను ఆమెను ఆఖరుసారి చూసింది అంతకు ముందు నెలలో. సెలవులు అయిపోయి సత్తెనపల్లికి బయలుదేరాను. వద్దంటున్నా వినకుండా బండెక్కి స్టేషను దాకా వచ్చింది. రైలు ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద వేపచెట్టు మొదట్లో కూర్చుని, చింతకాయ పచ్చడి జాడీ నా సంచిలో ఒరగకుండా ఎట్టా పెట్టాలో చెప్పింది. నా బళ్ళో పిల్లలు ఎంతమంది, వాళ్ళు మాట వింటారా అని అడిగింది. కొట్టమాక అంది. రైలు వచ్చింది. నేను కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆమె బయట నిలబడి కిటికీ ఊచ పట్టుకుంది. రైలు కదిలినా ఊచ వదల్లేదు, పక్కనే నడుస్తూ పచ్చడి సంగతే మళ్ళీ చెబుతోంది. “వదినా, ఇంక ఆగు” అన్నాను. ఆమె అడుగులు పెంచింది. రైలు వేగం అందుకుంది. ఊచ ఆమె చేతిలోంచి జారిపోయింది. ఆమె ఆగిపోయింది. ఒక చెయ్యి రొమ్ము మీద పెట్టుకుని ఊపిరి లాక్కుంటోంది. రెండో చెయ్యి మాత్రం దించలేదు. ఇంకా ఊచ పట్టుకున్నట్టే, వేళ్ళు మడిచి, గాలిలో అట్టాగే ఉంచింది. వంపు తిరిగి స్టేషను కనబడకుండా పోయేదాకా ఆ చెయ్యి అట్టాగే ఉంది.